మధ్యాహ్నం ముప్పై అయిదు హెర్ట్జ్

మాస్టారి దగ్గర మోర్స్ కోడ్ నేర్చుకునే నాటికి నాకు ఇరవై మూడేళ్లు. తొంభైల నడిమి సంవత్సరాలు. ఆయన బందరులో టెలిగ్రాఫిస్టుగా చేసేవారు. టెలిగ్రాములు తగ్గిపోయి, వచ్చినవి కూడా చావు కబుర్లో బదిలీ ఆర్డర్లో అయిన రోజులు. సాయంత్రం డ్యూటీ దిగి, తన అద్దింటి వరండాలో బల్ల వేసి, సరదాకి ఇంట్లోంచే సొంత రేడియో స్టేషన్ నడుపుకునే హామ్ రేడియో లైసెన్సు పరీక్ష రాయాలనుకునేవాళ్లకి ఊరికే నేర్పేవారు. మేం అయిదుగురం మొదలుపెట్టాం. నెల తిరిగేసరికి ఇద్దరం మిగిలాం. పరీక్షదాకా వెళ్లింది నేనొక్కదాన్నే.

నాకు తొందరెక్కువ. చుక్కలూ గీతలూ గబగబా కొట్టేసేదాన్ని. ఆయన పెన్సిల్ చివరతో నా మణికట్టు మీద ఆనించి ఆపేవారు.

"వేగం తర్వాత వస్తుందమ్మా. ముందు ఒకేలా కొట్టు. అవతల వినేవాడు నిన్ను నమ్మాలి."

ఆయన రిటైరై దివిసీమలో సొంతూరికి, అవనిగడ్డ దగ్గరికి వెళ్లిపోయారు. నాకు గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. కాపురం బందరులో. పొద్దున్నే పాసింజరు బండి, సాయంత్రం మళ్లీ అదే. మాస్టారితో మాట్లాడేది ఇక రేడియోలోనే. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఈ చుట్టుపక్కల జిల్లాల హామ్‌లందరం ఒకే చోట కలిసేవాళ్లం. చోటంటే గది కాదు, ఒక ఫ్రీక్వెన్సీ. ఒకరు నడిపిస్తుంటే ఒక్కొక్కరే హాజరు చెప్పి, వాళ్లూళ్లో వానల గురించో, కొత్తగా కట్టిన యాంటెన్నా గురించో నాలుగు మాటలు చెప్పి తప్పుకునేవారు. దాన్ని నెట్ అనేవాళ్లం.

మాస్టారి రేడియో ఆయన చేతులతో కట్టుకున్నది. అందులో ముఖ్యమైన భాగం ఓసిలేటర్. ఒక చిన్న స్ఫటికం ముక్క, క్రిస్టల్ అంటాం, కరెంటు తగలగానే సెకనుకి డెబ్బై లక్షల సార్లు ఊగుతుంది. ఆ లెక్కే ఆ స్టేషన్ చిరునామా. లెక్క అటూ ఇటూ అయితే చిరునామా మారినట్టే. క్రిస్టల్‌కి వేడీ చలీ పడవు. ఒంటికి ఎండ తగిలితే లెక్క కొంచెం తప్పుతుంది. పెద్ద స్టేషన్లలో దానికోసం ప్రత్యేకమైన ఏర్పాట్లుంటాయి. మాస్టారు తన ఓసిలేటర్‌ని పాలపొడి డబ్బాలో బిగించి, ఆ డబ్బాని ఒక మట్టికుండలో పెట్టి, చుట్టూ రైసు మిల్లు ఊక దట్టించి, ఆ కుండని వెనక వసారాలో మెడదాకా పాతిపెట్టారు. పైన తాటాకు మూత. మూతలోంచి రెండు తీగలు బయటికొచ్చి గదిలోకి వెళ్లేవి.

నెట్‌లో అందరికీ ఆ కుండ సంగతి తెలుసు. చూడని వాళ్లు కూడా దాని గురించి మాట్లాడేవారు.

అంత పట్టుదల ఎందుకని ఒకసారి అడిగాను. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు టెలిగ్రాఫ్ స్తంభాలన్నీ పడిపోయి, ఆయన రోజుల తరబడి చచ్చిన తీగ ముందు కూర్చున్నారట. "రేపు మళ్లీ అలాంటిదొస్తే నన్ను వెతికేవాళ్లుంటారు. వాళ్లు ఎక్కడ వెతుకుతారో నేనక్కడే ఉండాలి కదా" అన్నారు. అంతకు మించి ఆ రోజుల గురించి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

రెండువేల ఆరో, ఏడో. సగం రేడియో తీగల్లోనూ సగం కంప్యూటర్లోనూ ఉండే కొత్త పద్ధతి గురించి చదివాను. చిన్న సర్క్యూట్ బోర్డు గాల్లోంచి సిగ్నళ్లని పట్టుకుని కంప్యూటర్ సౌండ్ కార్డులోకి పంపుతుంది. మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌ది. మామూలు రేడియోలో ఒకసారికి ఒక స్టేషన్ వింటాం. ఇందులో ఒక ముక్క బ్యాండు, అంటే పక్కపక్కనుండే ఫ్రీక్వెన్సీలన్నీ ఒకేసారి తెర మీద పరుచుకుంటాయి. ఒక్కో స్టేషన్ ఒక్కో గీత. స్టేషన్ కుదురుగా ఉంటే గీత తిన్నగా పోతుంది, కదిలితే గీత వంగుతుంది. ఒక హెర్ట్జ్ కదిలినా, అంటే సెకనుకి ఒక్క ఊపు తేడా వచ్చినా పట్టుకోవచ్చు. అంతకుముందు అంత సన్నటి తేడా కొలవాలంటే మా కాలేజీ మొత్తానికి లేని పరికరాలు కావాలి.

బోర్డూ విడిభాగాలూ పోస్టులో తెప్పించుకున్నాను. వాటిలో చిప్పులు నువ్వుగింజంత ఉన్నాయి. కాళ్లు వెంట్రుకల్లా ఉన్నాయి. నా సోల్డరింగ్ చెయ్యి అంత పనికి తూగదు. రెండు చిప్పులు పాడుచేశాక, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి రాళ్లు పొదిగే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. మా అత్తగారి గాజులు చేసినాయన. బోర్డుని వెలుతుర్లో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం నగమ్మా ఇది?"

"నగ కాదు బాబాయ్. రేడియో."

"రేడియోనా? స్పీకరేదీ?"

"స్పీకరు కంప్యూటర్లో ఉంటుంది."

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో చిప్పుని ఎత్తి, దాని చోట్లో కూర్చోబెట్టి, నా సోల్డరింగ్ ఐరన్‌ని రెండుసార్లు గాల్లో ఊపి బరువు చూసుకుని పనిలోకి దిగాడు. మధ్యలో ఒక్కసారే తలెత్తాడు. "ఇంతకన్నా చిన్న రాళ్లు పెడతామమ్మా, ఇదేం లెక్క" అన్నాడు. ఇంటికెళ్లి కరెంటిస్తే మొదటిసారే పనిచేసింది.

మా డాబా మీద ఆస్బెస్టాస్ రేకుల గది ఒకటుంది. పాత మంచాలూ ట్రంకు పెట్టెలూ పడేసే గది. మావారు అందులో ఒక మూల ఖాళీ చేసి బల్ల వేయించారు. కంప్యూటర్, యూపీఎస్, ఒక అల్యూమినియం పెట్టెలో నా కొత్త రిసీవర్. యాంటెన్నా తీగ పిట్టగోడ మీంచి పక్కింటి కొబ్బరిచెట్టుకి. అది నాకు అమరిన మొదటి ప్రయోగశాల, కాలేజీలోది నాది కాదు కనక.

ఏం కొలవాలా అని పెద్దగా ఆలోచించలేదు. మాస్టారికి ఫోన్ చేశాను.

"మాస్టారూ, మీ కుండ ఎంత కుదురుగా ఉందో లెక్క కట్టి ఇస్తానండీ. ఉదయం ఆరు నించీ సాయంత్రం ఆరుదాకా గంటకోసారి రెండు నిమిషాలు సిగ్నల్ ఇవ్వగలరా? కొన్ని రోజులపాటు."

"కొన్ని రోజులేమిటమ్మా, నాకు మాత్రం పనేముంది? ఇస్తాను" అన్నారు. గొంతులో సంతోషం తెలిసింది.

మార్చి నెలాఖర్లో మొదలుపెట్టాం. నేను ఆరున్నరకి గది తాళం తీసి, అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకుని, తాళం వేసి రైలెక్కేదాన్ని. కంప్యూటర్ తనంతట తనే గంట గంటకీ రికార్డు చేసేది. సాయంత్రం ఏడింటికి తిరిగొచ్చి పైకెళ్లేదాన్ని. అప్పటికి సముద్రం గాలి తిరిగి గది హాయిగా ఉండేది. కూర్చుని ఆ రోజు గీతలు చూసేదాన్ని. కరెంటు పోయిన గంటలు మాత్రం ఖాళీ.

మొదటిరోజే కనిపించింది. ఉదయం ఆరుకీ ఏడుకీ తిన్నగా ఉన్న మాస్టారి గీత పదకొండు నించీ పైకి జరగడం మొదలుపెట్టి, రెండింటికి ముప్పై అయిదు హెర్ట్జ్ పైన ఉంది. సాయంత్రానికి మళ్లీ కిందికి. రెండోరోజూ అంతే. పదిరోజులు గ్రాఫు కాయితం మీద చుక్కలు పెట్టి కలిపితే పది విళ్లు ఒకదాని మీద ఒకటి వేసినట్టు వచ్చాయి.

అప్పుడు నాకేమనిపించిందో దాచుకోవడంలో అర్థం లేదు. సంతోషం వేసింది. నెట్‌లో అందరూ మెచ్చుకునే కుండలో తప్పు నేను పట్టాను. నేర్పినాయన కంటికి కనపడనిది నా తెరమీద కనపడింది. నా రిసీవర్ని అనుమానించాలన్న ఆలోచన రాలేదు. మొదట్లో ఒకరోజు ఉదయం ఒక ఇరవై నిమిషాలు సరిచూశాను. కదలకుండా ఉంది. అది చాలనుకున్నాను. నా రిసీవర్లోనూ ఒక క్రిస్టల్ ఉంది, కానీ నాది కొత్తది, ఆయనది ముప్పై ఏళ్లనాటిది. నాది కంప్యూటర్, ఆయనది కుండ.

ఫోన్ చేసి చెప్పాల్సింది. ఆదివారం నెట్‌లో చెప్పాను.

"మాస్టారూ, పదిరోజుల లెక్క వచ్చిందండీ. మధ్యాహ్నానికి మీరు ముప్పై అయిదు హెర్ట్జ్ పైకి జరుగుతున్నారు. రోజూ ఒకేలా. వేడికి అనుకుంటాను."

నెట్ నడిపే తెనాలి ఆయన నవ్వుతూ అందుకున్నారు. "ఇంకేముందండీ, కుండకి చిల్లు పడిందన్నమాట." ఇంకో ఇద్దరు నవ్వారు. ఎగతాళి అనలేను, కానీ నవ్వు నవ్వే.

మాస్టారు మైకు తీసుకున్నారు. "ఊకలోకి వేడి అంత తొందరగా దిగదే అమ్మా. మధ్యాహ్నం ఎండ కుండ లోపలిదాకా వెళ్లేసరికి చీకటి పడుతుంది. జరిగితే రాత్రి జరగాలి గానీ, రెండింటికెలా జరుగుతుంది?"

అది సరైన ప్రశ్న. క్లాసులో ఒక విద్యార్థి అడిగి ఉంటే మెచ్చుకుని బోర్డు మీద వేసి చూపించేదాన్ని. వేడి మట్టిలోంచీ ఊకలోంచీ లోపలికి పాకడానికి గంటలు పడుతుంది. ఆయన చదివింది పదో తరగతే అయినా ఆ సంగతి కుండ పాతినప్పుడే ఆలోచించుకున్నారు.

నేను అన్నది ఇది. "మరి గీత అలాగే చూపిస్తోందండీ మాస్టారూ."

"అలాగా. చూస్తానమ్మా" అన్నారాయన.

ఆ తర్వాత మూడు వారాలు ప్రతి సాయంత్రం ఏడున్నరకి ఫోన్ వచ్చేది. ముందురోజు ఏం మార్చారో చెప్పి, "ఇవాళెలా ఉంది?" అని అడిగేవారు. ఊక తీసేసి కొత్త ఊక పోశారు. కెపాసిటర్లు మార్చారు. తాటాకు మూత మీద తడిగోనె వేశారు. తీగలే వేడిని లోపలికి మోస్తున్నాయేమోనని వాటిని సన్నవి చేశారు. నేను గ్రాఫు ముందేసుకుని చెప్పేదాన్ని.

"ముప్పై నాలుగండీ."

"ముప్పై ఆరండీ ఇవాళ."

"అలాగే ఉందండీ మాస్టారూ."

ఇన్ని మార్పులు చేస్తున్నా గీతలో ఒక్క హెర్ట్జ్ కూడా తగ్గకపోవడం నాకు వింతగా తోచి ఉండాల్సింది. తోచలేదు. ఆయన అసలు కారణాన్ని పట్టుకోలేకపోతున్నారు అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం చూస్తే ఉదయం తొమ్మిది తర్వాత ఆయన గీత లేదు. మర్నాడూ లేదు. ఫోనూ రాలేదు. నేనే చేశాను. వాళ్లావిడ ఎత్తి, "ఆయన పడుకున్నారమ్మా" అన్నారు. అప్పటికి రాత్రి ఎనిమిది కూడా కాలేదు. నాలుగోరోజు ఆయనే మాట్లాడారు.

"క్రిస్టల్ పోయిందమ్మా. డబ్బాలోంచి విప్పుతుంటే చెయ్యి జారింది. రాతి గచ్చు కదా."

"అయ్యో. పోనీలెండి మాస్టారూ, ఇప్పుడు మంచివి దొరుకుతున్నాయి. తెప్పిద్దాం."

"చూద్దాంలే" అన్నారు.

మే నెల మొదట్లో వడగాడ్పులు మరీ ఎక్కువై కాలేజీ ఒంటిపూట చేశారు. ఆ రోజు రైలు దొరక్క పామర్రు మీదుగా బస్సులో వచ్చి, ఒంటిగంటన్నరకి ఇల్లు చేరాను. రికార్డింగులు ఆపలేదు, అలవాటుగా నడుస్తున్నాయి. ఎలాగూ మాస్టారి గీత లేదు కదా, ఆపేద్దామని పైకి బయల్దేరాను. డాబా మీద మా అత్తగారు వడియాల గుడ్డ తిరగేస్తున్నారు. నెత్తిన తడి తువ్వాలు కప్పుకున్నారు.

"ఇప్పుడెక్కడికే? మిట్టమధ్యాహ్నం ఆ గదిలో అడుగుపెట్టగలవా? పొయ్యిలా ఉంటుంది."

తాళంకప్ప పట్టుకుంటే వేలు చురుక్కుమంది. చీర చెంగుతో పట్టుకుని తీశాను. తలుపు తెరవగానే వేడి ముఖానికి కొట్టింది. ఆ గదికి నెలల తరబడి రోజూ వస్తున్నాను. మధ్యాహ్నం పూట మాత్రం అంతకుముందు ఒక్కసారి కూడా రాలేదు. ఉదయం ఆరున్నర గదీ, రాత్రి ఏడు గంటల గదీ తప్ప నాకు తెలియవు. ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఆ గదిలో ఒక థర్మామీటర్ పెట్టలేదు. అల్యూమినియం పెట్టె మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను.

తెర మీద మాస్టారి చోటు ఖాళీగా ఉంది. పై అంచున ఒక పెద్ద రేడియో స్టేషన్ గీత ఉంది. వార్తలూ పాటలూ వేసే స్టేషన్. లావుగా, ఎప్పుడూ ఉండే గీత. అడ్డం తప్ప ఉపయోగం లేదని దాని వైపు చూసేదాన్నే కాదు. ఆ రోజు చూడ్డానికి ఇంకేమీ లేదు కనక దాన్ని చూశాను. అది పైకి వంగి ఉంది. ఎంత వంగిందో కొలిచాను. ముప్పై అయిదు.

అంత పెద్ద స్టేషన్ మా డాబా ఎండకి వంగదు.

కిందికెళ్లి టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టెకి ఎదురుగా పెట్టాను. అత్తగారి దగ్గర తడి తువ్వాలు అడిగి ఫ్యాను ముందు కుర్చీకి ఆరేశాను. ఆవిడ గుమ్మంలో నించుని చూస్తున్నారు. అయిదు నిమిషాల్లో ఆ లావు గీత కిందికి దిగడం మొదలుపెట్టింది. పావుగంటకి పన్నెండు హెర్ట్జ్ దిగింది. ఫ్యాను కట్టేస్తే మళ్లీ ఎక్కింది. రెండోసారి కూడా చేసి చూశాను, చూడాల్సిన అవసరం లేకపోయినా.

"ఏమిటే, చెడిపోయిందా?" అన్నారు అత్తగారు.

"లేదండీ. బానే ఉంది" అన్నాను.

ఆ రాత్రి భోజనం దగ్గర మావారికి చెప్పాను. ఆయన "ముందు వెళ్లి చెప్పు. ఫోన్లో కాదు" అన్నారు. నేను కూడా అదే అనుకున్నాను, కానీ వట్టిచేతులతో వెళ్లలేననిపించింది. పాత రికార్డింగులన్నీ సీడీల్లో ఉన్నాయి. ప్రతి దాంట్లో మాస్టారి గీతా ఉంది, పెద్ద స్టేషన్ గీతా ఉంది. నా పెట్టె వేడెక్కి రెండింటినీ ఒకే కొలతన జరిపింది కాబట్టి, రెండింటికీ మధ్య దూరం తీస్తే నా తప్పు దానంతటదే పోతుంది. మిగిలేది మాస్టారి అసలు కదలిక. నాలుగు రోజులు కూర్చుని మొదటి పదిరోజుల లెక్కా కట్టాను. ఏ రోజూ, ఏ గంటా రెండు హెర్ట్జ్ దాటలేదు. సెకనుకి డెబ్బై లక్షల ఊపుల్లో రెండు. ఆ రెండు కూడా మధ్యాహ్నం కాదు, సాయంత్రం ఆరు దగ్గర మొదలవుతున్నట్టుంది. వేడి దిగడానికి అంతసేపు పడుతుందని ఆయన అన్నట్టే.

ఆదివారం నెట్‌కి వెళ్లకుండా ఉదయం మొదటి బస్సుకే బయల్దేరాను. చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డలో దిగి, ఆటోలో వాళ్లూరు చేరేసరికి తొమ్మిదిన్నర. పెరటివైపు నించి వెళ్లాను. వసారాలో కుండ ఉన్నచోట గొయ్యి ఉంది. కుండ బావి పక్కన బోర్లించి ఉంది. ఊక పెరడంతా పరుచుకుని ఉంది, కోళ్లు అందులో కెలుకుతున్నాయి.

వాళ్లావిడ నన్ను చూసి నవ్వలేదు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

"రా అమ్మా. కూచో. నీతో ఒక మాట చెప్పాలి, ఆయన స్నానానికెళ్లారు. మూడు వారాలు ఆయన సరిగా తిన్లేదు. గంటకోసారి గడియారం చూడ్డం, ఆ బటన్ నొక్కడం, మళ్లీ కుండ దగ్గరికి పరుగు. డెబ్బై ఏళ్లొస్తున్నాయి, ఎండలో కూచుని ఊక తోడుకున్నారు. ఎవరికమ్మా ఆ లెక్కలు?"

మంచినీళ్లిచ్చారు, తాగాను.

మాస్టారు వచ్చి పడక్కుర్చీలో కూర్చున్నారు. చిక్కారు. నేను నిలబడే చెప్పాను.

"మాస్టారూ, తప్పు మీది కాదండీ. నాది. నా రిసీవరు మధ్యాహ్నం వేడికి జరుగుతోంది. మీ కుండ కదల్లేదు."

ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. పిన్నిగారు తలుపు దగ్గర నిలబడిపోయారు.

"ఎలా తెలిసింది?" అన్నారు మాస్టారు.

గది గురించీ, పెద్ద స్టేషన్ గీత గురించీ, ఫ్యాను గురించీ చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్నే వేశారు, ఫ్యాను కట్టేశాక గీత మళ్లీ ఎక్కిందా అని. ఎక్కిందన్నాను. తల ఊపారు.

"అయితే మరి నాది ఎంత?"

సంచిలోంచి గ్రాఫు తీసి ఇచ్చాను. దాన్ని మోకాళ్ల మీద పరుచుకుని, వేలితో ఒక్కో రోజూ ఒక్కో గంటా చూసుకుంటూ వెళ్లారు. పదిరోజులూ చూశారు.

"రెండా?"

"రెండండీ. అంతకన్నా లేదు."

"సాయంత్రం కదులుతోంది, చూశావా?"

"చూశానండీ. మీరు ఆ రోజే అన్నారు."

"అన్నానే" అన్నారు. కాయితం మడిచారు. "నువ్వు నన్ను నమ్మలేదు, అది సరే. నీ ఎదురుగా గీత ఉంది. నేనే నా మాట నమ్మలేదు చూడు. కుండలో ఏ తప్పూ లేదని తెలిసి కూడా తవ్వాను. దానికి నిన్నేం అనను."

వాళ్లావిడ తలుపు దగ్గర నించే అన్నారు. "మీరనకపోతే నేనంటాను."

"అన్నావుగా ఇందాక. వినిపించింది" అన్నారాయన. ఆవిడ లోపలికెళ్లిపోయారు. కాసేపటికి ఇద్దరికీ ఉప్మా తెచ్చి పెట్టారు. నాకు వడ్డించేటప్పుడు కూడా నా ముఖంలోకి చూడలేదు.

బయల్దేరేటప్పుడు క్షమించమని అడగబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపేశారు.

"నాకు చెప్పావు, అయిపోయింది. కానీ నువ్వా మాట అన్నది నా ఒక్కడితో కాదమ్మా. వచ్చే ఆదివారం నెట్‌లో చెప్పు."

ఆ వారమంతా ఏం చెప్పాలో కాయితం మీద రాసుకుని కొట్టేస్తూ గడిపాను. ఆదివారం బ్యాండు బాగా లేదు. ఎక్కడో ఉరుములున్నట్టున్నాయి, చెవుల్లో ఒకటే గరగర. నా వంతు వచ్చింది. రాసుకున్నది పక్కన పెట్టి చెప్పాను. నెలన్నర కిందట మాస్టారి ఓసిలేటర్ గురించి నేను చెప్పిన లెక్క తప్పు. జరిగింది నా రిసీవరు. నేను సరిచూసుకోలేదు. మాస్టారి అసలు కదలిక రెండు హెర్ట్జ్. నా మాట నమ్మి ఆయన కుండ విప్పారు, ఆ పనిలో క్రిస్టల్ పగిలింది.

గరగరలో సగం మందికి వినపడలేదు. రిపీట్ అన్నారు. మళ్లీ మొదటి నించీ చెప్పాను. ఒక స్టేషన్ మూడోసారి అడిగింది. మూడోసారీ చెప్పాను. మొదటిసారి చెప్పడమే కష్టమైంది. మూడోసారికి అది ఎవరో చేసిన ప్రయోగం రిపోర్టులా వినపడింది.

తెనాలి ఆయన మైకు తీసుకున్నారు. "అయితే చిల్లు మీ ఇంటి కప్పుకన్నమాట" అన్నారు. ఈసారి నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత ఆయనే గొంతు మార్చి, "మాస్టారికి నేను కూడా సారీ చెప్పాలి. లేనిపోని జోకు వేశాను" అన్నారు. మాస్టారు ఆ రోజు నెట్‌లో లేరు. ఉండడానికి ఆయనకి క్రిస్టల్ లేదు. పక్కన చిన్న రిసీవరు పెట్టుకుని విన్నారని తర్వాత తెలిసింది.

కొత్త క్రిస్టల్ రావడానికి నెలన్నర పట్టింది. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మాస్టారు కొత్త కుండ కొన్నారు, పాతది బోర్లించిన చోట బీట వేసిందట. ఈసారి గొయ్యి ఇంకో జానెడు లోతు తవ్వించారు. నేను నా అల్యూమినియం పెట్టెని కింద పడగ్గదిలో అలమారలోకి మార్చి, పక్కనే థర్మామీటర్ వేలాడదీశాను. అప్పట్నించీ ఎవరి గీత కొలిచినా పక్కన ఒక పెద్ద స్టేషన్ గీత కూడా కొలిచి, రెండూ ఒకే కాయితం మీద రాసేదాన్ని. కాలేజీలో ప్రాక్టికల్ రికార్డులు దిద్దేటప్పుడు, పరికరంలో తప్పెంతో ఏ పేజీలోనూ రాయని పిల్లల రికార్డులు వెనక్కిచ్చేదాన్ని. నా గురించి వాళ్లేమనుకునేవారో నాకు తెలుసు.

కొత్త క్రిస్టల్ పాతదంత కుదురుగా లేదు. మొదటి నెలల్లో రోజు రోజుకీ ఒకే వైపుకి మెల్లగా జరుగుతూ పోయింది. కొత్త క్రిస్టళ్లు అలాగే చేస్తాయి. ఫోన్లో ఆ సంగతి చెబితే ఆయన కంగారు పడలేదు. "పడుచుది కదమ్మా, కుదురుకోవాలి" అన్నారు. ఏడాదికి కుదురుకుంది. అయిదు హెర్ట్జ్ దగ్గర ఆగింది. రెండుకి మళ్లీ రాలేదు. ఆ మూడు హెర్ట్జ్ తేడా గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పిన్నిగారు నాతో మామూలుగా మాట్లాడ్డానికి ఇంకో ఎండాకాలం పట్టింది. ఆవిడ కోడలికి కాన్పు అయినప్పుడు చూడ్డానికి వెళ్తే, బిడ్డని నా ఒళ్లో పడుకోబెట్టి, "నువ్వు లెక్కలు కట్టకుండా కాసేపు కూర్చో" అన్నారు.

తర్వాతి వేసవిలో ఒక ఆదివారం మాస్టారు నెట్‌లో తనంతట తానే ఒక మాట అన్నారు. "మా అమ్మాయి దగ్గర కొలిచే సాధనం ఉంది. ఒకసారి తప్పింది, అందుకని ఇప్పుడు బాగా చూసి చెప్తుంది. ఎవరికైనా తమది ఎంత కదులుతోందో తెలుసుకోవాలని ఉంటే గంటకోసారి సిగ్నల్ ఇవ్వండి." ఏలూరు ఆయనా, రేపల్లె ఆయనా ముందుకొచ్చారు. ఏలూరు ఆయనది నూట పది హెర్ట్జ్ ఉంది. ఫోన్ చేసి ఆయన ఒక్కరికే చెప్పాను. తెనాలి ఆయన మాత్రం తన రేడియో కంపెనీలో తయారైంది, కొలవాల్సిన పని లేదన్నారు. మాస్టారు ఆ తర్వాత కూడా రెండుమూడు ఆదివారాలు అడిగి చూశారు. తెనాలి ఆయన ఒప్పుకోలేదు.